ఫైబర్ పైకప్పు చప్పుళ్లకు కారణం తేల్చే సేవ: విశాఖలో మా ఇంటి పరిశీలనపై సమీక్ష

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మా మేడ మీద, స్లాబుపైన కట్టుకున్న గదికి ఫైబర్‌గ్లాస్‌తో వేసిన సమతల పైకప్పు ఉంది. ఆ కప్పులోంచి వేళకొక తీరుగా వినిపించే చప్పుళ్లకు కారణం తేల్చడానికి ఈ వేసవి మొదట్లో ఆటోనగర్ వైపు నుంచి పనిచేసే ఒక చిన్న ఫైబర్ పనివారి బృందాన్ని పిలిపించాము. మరమ్మతు చేసేవారు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. అయితే మరమ్మతు మాట ఎత్తకుండా, చప్పుడు ఎక్కడ పుడుతోందో, ఎందుకు పుడుతోందో ముందుగా పరిశీలించి, ఆ పరిశీలనకు మాత్రమే విడిగా రుసుము తీసుకునేవారు కూడా ఉన్నారని మాకు ఒక బంధువు చెప్పేదాకా తెలియదు. ఈ సమీక్ష ఆ పరిశీలన గురించే. చెల్లించిన 3,500 రూపాయలకు తగిన ఫలితం పూర్తిగా దక్కిందని, ఫైబర్ కప్పు మోగుతున్న ఇల్లు గలవారు మరమ్మతుకు ధర మాట్లాడుకునే ముందే ఇలాంటి పరిశీలన చేయించుకోవాలని నా నిశ్చితాభిప్రాయం. లోపాలు లేకపోలేదు, వాటినీ రాస్తాను.

సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న ఇళ్లలో ఇనుప రేకులు ఉప్పుగాలికి ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజున రేకులు ఎగిరి వీధుల్లో పడడం కళ్లారా చూసినవాళ్లం కాబట్టి, గది కట్టేటప్పుడు రేకుల జోలికి పోకుండా ఫైబర్‌ను ఎంచుకున్నాము. ఫిషింగ్ హార్బర్ పుణ్యమా అని ఫైబర్ బోట్లకు పని చేసే నైపుణ్యం ఈ ఊళ్లో ఉంది. ఆ పనివారిలో కొందరు నీళ్ల తొట్లు, షెడ్లు, ఇళ్ల కప్పుల పనులు కూడా చేస్తుంటారు. మా కప్పుకు అడుగున ఎమ్మెస్ (మామూలు ఉక్కు) గొట్టాల ఫ్రేము, దానిపై చెక్క బద్దీలు, వాటిపై 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఆ ప్లైవుడ్ మీద పాలియెస్టర్ రెసిన్ అనే గట్టిపడే జిగురుతో తడిపి పరచిన, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్ రెండు పొరలు, అన్నిటికీ పైన టాప్‌కోట్ అనే బూడిద రంగు పైపూత ఉన్నాయి. అంచుల వెంట మూడేసి మీటర్ల ఫైబర్ పట్టీలు బిగించారు. ఈ వివరమంతా ఎందుకంటే, ఫైబర్ కప్పు అని మనం పిలిచేదానిలో ఫైబర్ పొర మందం రెండు మిల్లీమీటర్లకు మించదు. చప్పుడు చేయడానికి ఆ పొర కింద చెక్క, ఇనుము, మేకులు, మరలు కావలసినన్ని ఉన్నాయి. వచ్చిన బృందం ఈ సంగతిని మొదటి నుంచీ మనసులో పెట్టుకుని పని చేసింది కాబట్టే నాకు వారి మీద గురి కుదిరింది.

మాకు వినిపించే చప్పుళ్లు ఒక రకం కావు. ఉదయం ఎండ తగిలిన కొద్దిసేపటికి తూర్పు అంచున టప్పు టప్పుమని మొదలై కాసేపటికి ఆగిపోయేది. పొద్దు వాలాక మళ్లీ అదే వరుస. కప్పు మీద నడిస్తే ఒక బారు వెంట కిర్రుమనేది. మధ్యాహ్నం గది నడినెత్తిన ఉన్నట్టుండి ఒక్కసారి ధబ్బుమనేది. సముద్రపు గాలి విసురుగా ఉన్న సాయంత్రాల్లో నైరుతి మూల సన్నగా దడదడలాడేది. వాన కురిస్తే గదిలో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఆ గదిలో పడుకునే మా అత్తగారు, మేడ మీదికి ఎవరో ఎక్కారని తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచిన సందర్భాలు ఉన్నాయి. కప్పు కారడం లేదు కదా, చప్పుడే కదా అని పక్కన పెట్టగలిగే విషయం కాదు ఇది. నిద్ర చెడడం ఒక ఎత్తయితే, ఏదో ఊడిపోతోందన్న భయం మరొక ఎత్తు.

అంతకుముందు చూడడానికి వచ్చినవారిలో ఒకరు నిచ్చెన కూడా ఎక్కకుండానే మొత్తం పీకి మళ్లీ వేయాలన్నారు. మరొకరు పైన ఇంకో రెసిన్ పొర వేస్తే చప్పుళ్లన్నీ పోతాయని చెప్పి ధర రాసిచ్చారు. ఇద్దరి పేర్లూ ఇక్కడ అప్రస్తుతం. ఇద్దరూ చప్పుడు వినలేదన్నది మాత్రం ప్రస్తుతమే. వినకుండా చెప్పిన వైద్యానికి లక్షకు పైగా ఖర్చు పెట్టడానికి మనసు ఒప్పలేదు.

ఈ బృందానికి ఫోన్ చేసినప్పుడు మేస్త్రీ గారు ఎప్పుడు రమ్మంటారని అడగలేదు. ముందు కొన్ని ప్రశ్నలు వేశారు. “చప్పుడు వినబడినప్పుడు మోటారు నడుస్తోందా అండీ? ఎండ ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? మబ్బు పట్టిన రోజున కూడా వస్తుందా? ఏసీ వేసి ఉంటే ఏమైనా తేడా ఉందా?” అని అడిగి, కొన్నాళ్లపాటు ఒక కాగితం మీద చప్పుడు వచ్చిన వేళ, గదిలో ఏ మూల నుంచి వచ్చిందో, అప్పటి ఎండ, గాలి, వాన సంగతి, మోటారు నడుస్తోందా లేదా అన్నది రాసి పెట్టమన్నారు. ఆ కాగితం నింపిన తరువాతే వస్తామన్నారు. ఇది మొదట కాలయాపనలా అనిపించవచ్చు. కాని తీరా చూస్తే సగం నిర్ధారణ ఆ కాగితం మీదే జరిగింది: మబ్బు రోజుల్లో తూర్పు అంచు మౌనంగా ఉంది, కనుక అది ఎండ చప్పుడు, కిర్రుమనేది వేళతో పని లేకుండా అడుగు పడినప్పుడే వచ్చింది, కనుక అది బరువు చప్పుడు, తెల్లవారుజామున ఎండ ఇంకా రాకముందే అత్తగారిని లేపిన ధడేలు చప్పుడు మాత్రం కింద సంపులోంచి నీళ్లు తోడే మోటారు ఆగిన క్షణంతో సరిపోయింది.

ఆ చివరిది కప్పుది కానే కాదు. మోటారు ఆగగానే గొట్టంలో పైకి వెళ్తున్న నీరు ఒక్కసారిగా వెనక్కి తిరిగి, వాల్వు మూసుకునే వేళ ఆ అదురు గొట్టం పొడవునా పాకి, ట్యాంకుకు పోయే గొట్టం మా ఫ్రేముకు క్లాంపుతో బిగించి ఉండడం వల్ల గది అంతా మోగింది. మేస్త్రీ గారు ఫ్రేము మీద చెయ్యి ఆనించి, మోటారు వేయించి, ఆపించి, ఆ అదురును నా చేతికి కూడా తెలిసేలా చూపించారు. క్లాంపు విప్పి, గొట్టానికీ ఫ్రేముకూ మధ్య రబ్బరు ముక్క పెట్టి మళ్లీ మోటారు ఆపితే చప్పుడు బాగా తగ్గింది. కప్పు మొత్తం పీకించి ఉంటే ఈ చప్పుడు కొత్త కప్పు కింద కూడా ఎప్పటిలా మా అత్తగారిని లేపుతూనే ఉండేది. అందుకే, కప్పుకు సంబంధం లేని చప్పుళ్లను ముందుగా విడదీసే ఈ పద్ధతికి నేను చాలా విలువ ఇస్తాను.

పరిశీలనకు వారు సూర్యోదయానికి ముందే వచ్చారు. ఆకాశం నిర్మలంగా ఉండే రోజు కావాలని, మబ్బు పడితే వాయిదా వేస్తామని ముందే చెప్పారు, ఒకసారి నిజంగానే వాయిదా వేశారు కూడా. తెచ్చిన సామగ్రి పెద్దదేమీ కాదు: దూరం నుంచి ఉష్ణోగ్రత చూపించే థర్మామీటరు, చెక్కలో తేమ కొలిచే పరికరం, చిన్న చెక్క సుత్తి, సుద్దముక్కలు, మెకానిక్కులు ఇంజను చప్పుడు వినడానికి వాడే స్టెతస్కోపు, ఫోనుకు తగిలించే సన్నని గొట్టపు కెమెరా, హ్యాక్సా బ్లేడు, పెన్సిలు. వీటిలో ఆ పెన్సిలు చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. తూర్పు అంచున పట్టీ, దాని కింది చెక్క బద్దీ కలిసే చోట, రెండింటి మీదుగా సన్నని గీతలు గీసి ఎండ కోసం ఎదురు చూశారు. తెల్లవారుజామున 26 డిగ్రీలు చూపించిన పట్టీ ఉష్ణోగ్రత ఎండ పొడ తగిలాక పెరుగుతూ పోయింది. టప్పుమన్న ప్రతిసారీ ఏదో ఒక గీత దగ్గర పట్టీ మీది సగం, బద్దీ మీది సగం కొద్దిగా ఎడమయ్యాయి. చప్పుడును కంటితో చూడడమంటే ఇదే.

దీని వెనుక లెక్క సులువైనదే. గాజునార మ్యాట్, పాలియెస్టర్ రెసిన్‌తో చేసిన ఫైబర్ ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి సుమారు 0.03 మిల్లీమీటరు సాగుతుంది. ఉక్కు అందులో సగం కన్నా తక్కువ, అంటే 0.012 మిల్లీమీటరు సాగుతుంది. చెక్క నార పొడవునా సాగేది ఇంకా తక్కువ. పీవీసీ గొట్టమైతే ఫైబర్‌కు రెట్టింపు దాకా సాగుతుంది. మూడు మీటర్ల ఫైబర్ పట్టీ 30 డిగ్రీలు వేడెక్కితే 2.7 మిల్లీమీటర్లు పెరగాలి. మా పట్టీలను మధ్య సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి, మర పట్టేంత గుండ్రని రంధ్రాల్లోంచి గట్టిగా బిగించారు. పెరగాల్సిన పొడవుకు చోటు లేదు. ఒత్తిడి పెరిగి పెరిగి, ఒక హద్దు దాటాక పట్టీ ఒక్కసారి జారుతుంది, అప్పుడు టప్పుమంటుంది. మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ జారుతుంది. కప్పు ఒక ఉష్ణోగ్రతకు వచ్చి కుదురుకున్నాక చప్పుడు ఆగిపోవడానికి, సాయంత్రం చల్లబడేటప్పుడు తిరిగి మొదలవడానికి కారణం ఇదే. పట్టీల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదిలి సాగే సీలెంటు నింపాలని, మరలు పట్టే రంధ్రాలను పొడవాటి గాడులుగా చేసి మరీ బిగించకుండా వదలాలని సూచించారు. ఆ సూచనలో రెసిన్ మాట లేదు. పైన ఇంకో పొర వేస్తే పోతుందన్న సలహా ఎంత నిరర్థకమో అక్కడే తేలిపోయింది.

ఇక్కడ ఒక సందేహం నాకు వచ్చింది, పాఠకులకూ రావచ్చు. ఫైబర్ ఇంతగా సాగుతుంటే, కప్పు మొత్తం మీద పరచిన పొర మాత్రం ఎందుకు మోగదు? మేస్త్రీ గారి వివరణ నాకు సబబుగా తోచింది. ప్లైవుడ్‌కు గట్టిగా అతుక్కుని ఉన్న పలుచని పొర తనంతట తాను జరగలేదు. మందమైన ప్లైవుడ్ దానిని పట్టి ఉంచుతుంది, ఆ ఒత్తిడి పొరలోనే ఇమిడిపోతుంది. అతుకు బాగున్నంతకాలం అది నిశ్శబ్దంగా ఉంటుంది. కనుక పొర మోగుతోందంటే, అక్కడ అతుకు వదిలిందనో, అడుగున ప్లైవుడ్ కదులుతోందనో అర్థం. ఈ ఒక్క మాట తెలిసిన తరువాత మిగిలిన పరిశీలన అంతా నాకు చక్కగా బోధపడింది.

మధ్యాహ్నపు ధబ్బు చప్పుడు ఆ కోవలోదే. చెక్క సుత్తితో కప్పంతా జానెడు జానెడు దూరంలో మెల్లగా కొడుతూ, గట్టి మోత వచ్చిన చోట వదిలేసి, బోలు మోత వచ్చిన చోట సుద్దతో గుర్తు పెడుతూ పోయారు. గది నడిమిభాగం మీద దాదాపు మీటరు వెడల్పున ఒక వంకర వృత్తం తేలింది. కింద నుంచి, ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీసి ప్లైవుడ్‌లో తేమ కొలిస్తే, మిగతా చోట్ల 12 శాతం దరిదాపుల్లో ఉన్నది అక్కడ 20 శాతానికి చేరువగా ఉంది. రెసిన్ వేసిన నాటికే ఆ పలక తడిసి ఉండవచ్చని, పాలియెస్టర్ రెసిన్ తడి చెక్కను సరిగా పట్టదని, పైన ఫైబర్, కింద పెయింటు ఉండడం వల్ల లోపలి తేమ ఆరే దారి లేక నిలిచిపోయిందని వారి అంచనా. పైనుంచి నీరు దిగుతోందేమోనని ఆ వృత్తం చుట్టూ నీళ్లు నిలిపి చూశారు, తేమ పెరగలేదు. మా కప్పు వేసినది జూలైలో, వానలు మొదలయ్యాక. కాబట్టి వారి అంచనాను నమ్మడానికి నాకు అభ్యంతరం కనిపించలేదు.

అతుకు వదిలిన పొర ఎండకు ఏమవుతుందో కూడా లెక్క కట్టి చూపారు. తెల్లవారి నుంచి మధ్యాహ్నానికి 30 డిగ్రీలు పెరిగితే మీటరు వెడల్పు పొరకు 0.9 మిల్లీమీటరు అదనపు పొడవు వస్తుంది. ఇది అత్యల్పమనిపిస్తుంది. కాని చుట్టూ అంచులు అతుక్కుని ఉండి, ఆ అదనపు పొడవు పైకి ఉబ్బడం తప్ప మరో దారి లేనప్పుడు, మధ్యలో ఉబ్బు లెక్క ప్రకారం 18 మిల్లీమీటర్ల వరకు రావచ్చు. మిల్లీమీటరు కన్నా తక్కువ సాగుదల దాదాపు అంగుళంలో మూడు వంతుల ఉబ్బుగా మారడం నేను ఊహించనిది. ఆ పొర డబ్బా మూత నొక్కినప్పటిలా ఒక్కసారి పైకి ఎగదన్నుతుంది, ఆ క్షణంలో ధబ్బుమంటుంది. దీనిని రుజువు చేయడానికి వారు చేసిన పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చింది. మధ్యాహ్నం చప్పుడు వచ్చాక ఆ వృత్తం మీద తడి గోనె సంచులు పరిచారు. పొర చల్లబడి, కొద్ది నిమిషాల్లో అదే చప్పుడుతో కిందికి దిగింది. వృత్తానికి బయట తడి సంచులు పరిస్తే ఏమీ కాలేదు. చప్పుడును తమకు కావలసినప్పుడు, కావలసిన చోట పుట్టించి చూపగలిగినవారు కారణం తెలిసినవారు అని నా నమ్మకం. ఆ భాగాన్ని మాత్రం కోసి తీసి, ప్లైవుడ్ పూర్తిగా ఆరాక, చుట్టూ ఉన్న మంచి పొరను గరుకుగా రుద్ది, దాని మీదికి మ్యాట్ ఎక్కేలా మళ్లీ వేయాలని రాశారు. సిరంజితో రెసిన్ ఎక్కించడం చవకే కాని, తేమ లోపలే ఉండిపోతుంది కాబట్టి వద్దన్నారు. తమకు సులువుగా డబ్బు వచ్చే పనిని తామే కాదనడం గమనించదగినది.

కిర్రు చప్పుడు గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ఒకరు పైన మెల్లగా అడుగు వేస్తుంటే మరొకరు కింద స్టెతస్కోపు కొనను ఒక్కొక్క బద్దీకి ఆనించి విన్నారు. రెండు ప్లైవుడ్ పలకలు కలిసే అతుకు బద్దీ మీద కాకుండా రెండు బద్దీల మధ్య గాలిలో పడిందని, ఆ పక్కనున్న మేకులు ఉప్పుగాలికి తుప్పు పట్టి వదులయ్యాయని గొట్టపు కెమెరాలో స్పష్టంగా కనిపించింది. కింద నుంచే ఒక అడ్డ బద్దీ చేర్చి, 316 రకం స్టెయిన్‌లెస్ మరలతో బిగిస్తే పైన ఫైబర్‌ను ముట్టుకోనక్కర లేదన్నారు. సముద్రపు ఒడ్డున 304 రకం స్టెయిన్‌లెస్ కన్నా 316 ఎక్కువ కాలం నిలుస్తుందన్నది తెలిసిన విషయమే అయినా, దుకాణంలో అడిగి తీసుకోకపోతే మామూలు మరలే చేతిలో పెడతారు. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో కూడా కెమెరాతో వెతికి చూశారు. ముద్ర కనిపించింది, అంటే అది తేమను తట్టుకునే మెరైన్ రకమే. కాబట్టి పలకలు మార్చాలన్న భయం తీరింది.

నైరుతి మూల దడదడ అన్నిటికన్నా చిన్న చప్పుడు. మా ఇంట్లో ఎవరూ దానిని పెద్దగా పట్టించుకోలేదు. మేస్త్రీ గారు మాత్రం తమ కాగితంలో దానినే మొదట రాసి, ఎర్ర సిరాతో గీత గీశారు. సమతల కప్పు మీదుగా గాలి వీచినప్పుడు కప్పును పైకి పీల్చే బలం మూలల్లోనూ అంచుల్లోనూ అత్యధికంగా ఉంటుంది. గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం విశాఖపట్నానికి నిర్దేశించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అటువంటి ఊళ్లో మూల పట్టీ కింద హ్యాక్సా బ్లేడు సులువుగా దూరి, వేలితో లాగితే లేచి వస్తోందంటే, అక్కడి నుంచి గాలి లోపలికి దూరి కప్పును విప్పడం మొదలుపెట్టగలదు. చప్పుడు పెద్దదా చిన్నదా అన్నదానికీ ప్రమాదం పెద్దదా చిన్నదా అన్నదానికీ సంబంధం లేదని ఇంత స్పష్టంగా ఎవరూ నాకు చెప్పలేదు. మిగిలినవి మీ వీలు చూసుకుని చేయించుకోండి, ఇది మాత్రం తుపాను కాలం రాకముందే కావాలని అన్నారు. ఈ ఒక్క హెచ్చరికకే ఆ రుసుము చెల్లు.

వాన మోత విషయంలో వారు ఉన్నదున్నట్టు మాట్లాడారు. అది లోపం కాదని, పలుచని, తేలికైన కప్పు మీద చినుకు పడితే మోగడం సహజమని, స్లాబు మోగకపోవడానికి దాని బరువే కారణమని చెప్పారు. కింద థర్మాకోల్ అంటిస్తే మోత పోతుందని చాలామంది నమ్ముతారు. అది వేడిని ఆపుతుంది గాని, తేలికగా, బిగుసుగా ఉండే పదార్థం కాబట్టి మోతను పెద్దగా తగ్గించదు. మోత తగ్గాలంటే సీలింగులో 50 మిల్లీమీటర్ల రాక్‌వుల్ (రాతినారతో చేసిన మెత్తని పరుపు), దాని కింద రెండు పొరల జిప్సం బోర్డు కావాలని, వాటిని నేరుగా కప్పు బద్దీలకు కాకుండా రబ్బరు మెత్తలున్న హ్యాంగర్లతో వేలాడదీయాలని, ప్లైవుడ్‌కు గాలి ఆడేలా పైన సందు వదలాలని వివరించారు. ఖర్చుతో కూడిన పని కాబట్టి మేము దానిని ఇంకా చేపట్టలేదు. టాప్‌కోట్ రంగు గురించి చెప్పిన మాట మాత్రం వెంటనే ఆచరణలో పెట్టదగినది. నడిమధ్యాహ్నం మా బూడిద రంగు కప్పు 61 డిగ్రీలు చూపించిన వేళ, దాని పక్కనే ఎండలో ఉంచిన తెల్లని ఫైబర్ ముక్క చాలా తక్కువ చూపించింది. వేడి తగ్గితే సాగుదల తగ్గుతుంది, సాగుదల తగ్గితే ఎండ చప్పుళ్లూ తగ్గుతాయి. ఫైబర్ కప్పు కొత్తగా వేయించుకునేవారు ముదురు రంగు అందంగా ఉంటుందన్న మాట వినకుండా తెలుపు ఎంచుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

ఇక లోపాలు. ఇంత చక్కగా పరిశీలించినవారు ఇచ్చిన నివేదిక చేతిరాతతో నింపిన ఒక్క కాగితం. అందులో కప్పు పటం లేదు, సుద్దతో గుర్తించిన వృత్తం ఎక్కడుందో కొలతలు లేవు. మేము ఫొటోలు తీసి ఉంచుకోకపోతే మొదటి జల్లుకే ఆ గుర్తులు పోయేవి. మరమ్మతును వేరేవారితో చేయించుకోదలచిన ఇంటివారికి ఆ కాగితం ఒక్కటే చాలదు. పరిశీలన విడి సేవ అని చెప్పుకునేవారు పటం గీసి ఇవ్వడం కనీస బాధ్యత. రెండవది, ఆ రోజు గాలి లేదు కాబట్టి నైరుతి మూల చప్పుడును వారు స్వయంగా వినలేదు. చేతితో లాగి, బ్లేడు దూర్చి చూసి చెప్పారంతే. గాలి ఉన్న సాయంత్రం మరొకసారి రమ్మంటే అదనపు రుసుము అడిగారు. వారి సమయానికి విలువ ఉండడం న్యాయమే, అయితే ఆ సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పి ఉండాల్సింది. సీలింగ్ పలక తిరిగి బిగించేటప్పుడు అంచు కొంచెం గీసుకుపోయింది. బిల్లు అడిగిన తరువాత గాని ఇవ్వలేదు. మాటతీరులో మాత్రం వంక పెట్టడానికి లేదు. అత్తగారు అడిగిన ప్రతి ప్రశ్నకు, అడిగిందే మళ్లీ అడిగినా, మేస్త్రీ గారు విసుక్కోకుండా జవాబిచ్చారు.

మరమ్మతు వారితోనే చేయించాము. పరిశీలన రుసుమును ఆ బిల్లులో తగ్గించారు. తూర్పు అంచు ఇప్పుడు ఉదయం నిశ్శబ్దంగా ఉంది, కిర్రు పోయింది, గొట్టం క్లాంపులకు రబ్బరు పెట్టాక మోటారు ఆగినా గదిలో తెలియడం లేదు. కోసి మళ్లీ వేసిన భాగం మే నెల ఎండలకు ఒక్కసారి కూడా మోగలేదు. నైరుతి మూల పట్టీ కింద ఇప్పుడు బ్లేడు దూరడం లేదు గాని, గట్టి గాలికి అది ఎలా నిలుస్తుందన్నది అక్టోబర్, నవంబర్ నెలలు గడిస్తే గాని చెప్పలేము.

పిలిపించుకోదలచినవారికి ఒక సూచన: ఏప్రిల్, మే నెలల్లో పిలవండి. ఎండ చప్పుళ్లను అప్పుడే నమ్మకంగా పుట్టించి చూపగలరు, చెక్కలో తేమ కొలతలు కూడా అప్పుడే సరిగా తెలుస్తాయి. జూన్ దాటితే ప్లైవుడ్ ఆరడానికి వారాలు పడుతుందని, తడి మీద రెసిన్ వేయబోమని వారే అంటారు. మధురవాడ, గాజువాక వైపు ఇళ్లకు కూడా వస్తారట. రెండు రోజుల ముందు ఫోన్ చేసి, చప్పుళ్ల కాగితం నింపి సిద్ధంగా ఉంచుకోవాలి, కప్పు పటం గీసి ఇమ్మని ముందే మాట తీసుకోవాలి.